ఐలీన్ తరఫున కొన్ని మాటలు

క్లేర్ కీగన్ ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’ (2021) నూటపై చిలుకు పేజీల నవల. ఒక్క సాయంత్రంలో చదివేయొచ్చు. 2022 బుకర్ షార్ట్‌లిస్ట్‌లో ఉంది, 2024లో కిలియన్ మర్ఫీ సినిమా వచ్చాక ఇంకా ఎక్కువమంది చదివారు. నాకు తెలిసినవాళ్ళలో ఈ పుస్తకం నచ్చనివాళ్ళు లేరు. అందరూ ముందు చెప్పే మాట ఒకటే, బిల్ ఫర్లాంగ్ ఎంత మంచివాడో అని. నిజమే, మంచివాడే. ఆ వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది: “వాళ్ళావిడే పాపం కొంచెం స్వార్థం.” నా పేచీ ఈ రెండో మాటతోనే. ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడటం కుదరదు కాబట్టి, నవల చదవాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగి, చదివాక రండి.

1985. ఐర్లండ్‌లో వెక్స్‌ఫర్డ్ కౌంటీ, న్యూ రాస్ అనే చిన్న ఊరు. క్రిస్మస్ దగ్గర పడుతోంది. ఊళ్ళో పనులు లేవు, కుర్రాళ్ళు లండన్‌కో అమెరికాకో వెళ్ళిపోతున్నారు. ఫర్లాంగ్ బొగ్గు, కట్టెలు అమ్ముతాడు. భార్య ఐలీన్, ఐదుగురు ఆడపిల్లలు. అతని తల్లి పదహారేళ్ళకి పెళ్ళి కాకుండానే గర్భవతి అయింది. ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు మిసెస్ విల్సన్ వెళ్ళగొట్టకుండా ఉంచుకుంది కాబట్టి ఇతను మనిషిలా పెరిగాడు. ఇప్పుడు ఊరి కాన్వెంట్‌కి బొగ్గు దింపడానికి వెళ్ళి, బొగ్గుల కొట్లో రాత్రంతా బంధించి ఉన్న ఒక అమ్మాయిని చూస్తాడు. ఆ కాన్వెంట్‌లో లాండ్రీ ఉంది. ఊళ్ళో హోటళ్ళవాళ్ళు, కలిగినవాళ్ళు బట్టలు అక్కడే వేస్తారు. కొత్తవాటిలా తిరిగొస్తాయని పేరు.

ఇవి కల్పించిన సంగతులు కావు. పెళ్ళి కాకుండా తల్లులైనవాళ్ళని, దిక్కులేనివాళ్ళని, ఎవరికో ఇబ్బందిగా మారిన ఆడపిల్లల్ని మాగ్డలీన్ లాండ్రీల్లో పెట్టి జీతం లేకుండా చాకిరీ చేయించుకున్నారు. ఐరిష్ ప్రభుత్వమే వేసిన మెకలీస్ కమిటీ లెక్క ప్రకారం 1922 తర్వాత వాటిలో చేరినవాళ్ళు పదివేలకి పైనే. చివరిది మూతపడింది 1996లో. 2013 ఫిబ్రవరిలో ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నవల జరిగే నాటికి ఇవి ఎక్కడో దాచిన విషయాలేం కాదు. అందరికీ కొంచెం కొంచెం తెలుసు. ఆ “కొంచెం తెలియడం” మీదే కీగన్ కథ నడిపింది.

ఐతే ఆవిడ ఈ చీకటిని నేరుగా మొదలుపెట్టదు. ముందు కేక్ చేయిస్తుంది. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ వంటింట్లో చేరతారు. ఫర్లాంగ్ వెన్న, పంచదార గిలక్కొడతాడు. పిల్లలు నిమ్మతొక్క తురుముతారు, బాదంపప్పు వేడినీళ్ళలో వేసి పొట్టు తీస్తారు, ఎండుద్రాక్షల తొడిమలు ఏరతారు. ఐలీన్ పిండి జల్లించి, గుడ్లు గిలకొట్టి, డబ్బాకి లోపల కాగితం పరిచి బయట ఇంకో కాగితం చుట్టి దారం కడుతుంది. తర్వాత పిల్లలు సాంటాకి ఉత్తరాలు రాస్తారు. తల్లీతండ్రీ ఆ ఉత్తరాలు చదువుకుని, ఏది కొనగలం, ఏది కొనలేం అని లెక్క వేసుకుంటారు. చాలా సమీక్షలు ఈ భాగాన్ని “వెచ్చని కుటుంబ వాతావరణం” అని ఒక్క ముక్కలో దాటేశాయి. నేను మాత్రం నవలకి అసలు కీలకం ఇక్కడే ఉందనుకుంటాను.

ఎందుకంటే ఈ పని జరుగుతున్నప్పుడు ఫర్లాంగ్ మనసు వేరే చోట ఉంటుంది. ఒక పని అవ్వగానే ఇంకో పని, కాస్త ఆగి ఆలోచించుకునే తీరికే ఉండదేం అనుకుంటాడు. అతనికి పండగ ఏర్పాట్లు ఆలోచనకి అడ్డం. ఐలీన్‌కి ఏర్పాట్లే ఆలోచన. ఏ పిల్లకి ఏం కావాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎక్కడ తగ్గించాలి, ఇదంతా ఆవిడ తలలో నడుస్తూనే ఉంటుంది. మనం నవలంతా ఫర్లాంగ్ కళ్ళతో చూస్తాం కాబట్టి అతని మథన లోతుగా, ఆవిడ లెక్కలు చిల్లరగా కనిపిస్తాయి. ఇది ఐలీన్ గుణం కాదు. కథ ఎవరి వైపు నుంచి చెప్పారన్నదాని ఫలితం.

ఆ అమ్మాయి సంగతి చూసొచ్చిన రోజున మదర్ సుపీరియర్ క్రిస్మస్ కార్డులో యాభై పౌండ్లు పెట్టి అతని చేతికిస్తుంది, ఐలీన్ పేరు మీద. నోరు మూయించే డబ్బు అని మనకి తెలుసు, అతనికీ తెలుసు. ఐలీన్‌కి మాత్రం అది మాంసం కొట్టు బాకీ. అక్కడ ఆమె మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ ఆ డబ్బు ఎందుకొచ్చిందో ఆ క్షణంలో ఆమెకి చెప్పనిది ఎవరు?

నవలలో మరో పుస్తకం ఉంది. చిన్నప్పుడు ఫర్లాంగ్ క్రిస్మస్‌కి జిగ్‌సా పజిల్ కావాలని ఆశపడితే, మిసెస్ విల్సన్ పాత ‘ఎ క్రిస్మస్ కేరల్’ ఇస్తుంది. బొమ్మలు లేవు, ముక్కవాసన. పిల్లాడు పశువులపాకలోకి పోయి ఏడుస్తాడు. తర్వాత ఆ పుస్తకంతోనే చదువు అబ్బుతుంది. పెద్దయ్యాక ఈ క్రిస్మస్‌కి ఏం కావాలని ఐలీన్ అడిగితే ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ పేరు చెప్తాడు.

డికెన్స్‌ని కీగన్ ఊరికే తీసుకురాలేదనిపిస్తుంది. ‘కేరల్’ 1843 డిసెంబర్‌లో వచ్చింది. అందులో క్రాచిట్ల ఇంట్లో పెద్ద పొయ్యి ఉండదు, బాతు బేకరీ పొయ్యిలో కాలుతుంది. పుడ్డింగ్ బట్టలుడికించే రాగి కాగులో ఉడుకుతుంది. మూత తీయగానే ఇల్లంతా బట్టలుతికిన రోజు వాసన వేస్తుంది. ఆ పేరా చదివి నవ్వుకుంటాం. కీగన్ నవల చదివొచ్చి మళ్ళీ అదే పేరా చదివితే నాకు నవ్వు రాలేదు. ఊరందరి పండగ దుప్పట్లు ఎవరు ఉతికారో తెలిశాక ఆ వాసన అలా ఉండదు.

ఇంకో తేడా ముఖ్యమైనది. స్క్రూజ్ మారిపోయి టర్కీ కోడిని పంపించాడంటే అతనికి పోయేదేం లేదు, డబ్బు మూలుగుతోంది. మిసెస్ విల్సన్ కూడా అంతే. ఈ మాట నవలలో అన్నది ఐలీనే. పెద్ద ఇల్లు, పింఛను ఉన్న మనిషి తనకి నచ్చినట్టు చేయగలదు, మనం అలా కాదు కదా అని రాత్రి పక్కమీద భర్తతో అంటుంది. ఫర్లాంగ్‌కి ఆ మాట గుచ్చుకుంటుంది, మనకీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఆ దయ లేకపోతే అతనే లేడు. కానీ ఆవిడ చెప్పింది నిజం. పిల్లలు చదివే బడి ఆ కాన్వెంట్ పక్కనే, అదే నన్‌ల చేతిలో. మిసెస్ విల్సన్ తన సొంత భద్రతలోంచి ఇచ్చింది. ఫర్లాంగ్ ఇవ్వబోయేది ఏడుగురి ఉమ్మడి భద్రతలోంచి. అందులో ఆరుగురిని అడగలేదు.

ఇదంతా నాకు ఇంత స్పష్టంగా తట్టడానికి మా అమ్మ కారణం. గుంటూరులో మా ఇంట్లో డిసెంబర్ అంటే పది రోజుల ముందు నుంచే హడావుడి: బూజులు దులపడం, స్టార్ కట్టడం, టైలర్ చుట్టూ తిరగడం, క్యారల్స్ వాళ్ళు ఏ అర్ధరాత్రి వస్తారో అని టీకి పాలు తీసి ఉంచడం. పోయినేడు అరిసెలు వత్తుతూ అమ్మకి ఈ కథ చెప్పాను. పాకం చూసుకుంటూనే వింది. అతను క్రిస్మస్ ముందురోజు ఆ అమ్మాయిని చలిలో నడిపించుకుంటూ ఇంటికి తీసుకొస్తాడని చెప్పి, అంతే, అయిపోయిందన్నాను.

“అయిపోవడం ఏందే? ఆ రాత్రి ఆ పిల్లకి నీళ్ళు కాచి పోసేది ఎవరు?”

“వాళ్ళావిడ కావచ్చమ్మా.”

“మరి ఆవిడ గురించి రాయలేదా?” అని, ఇంకో అరిసె నూనెలో వేసింది.

అమ్మ ఫర్లాంగ్‌ని తప్పు పట్టలేదు. తీసుకురావాల్సిందే, ఆడపిల్లని అట్లా ఎట్లా వదిలేస్తాం అంది. ఆమె అడిగింది తర్వాత సంగతి. ఆ పిల్ల పద్నాలుగు వారాల బిడ్డకి తల్లి, పాలు చేపుతుంటాయి, ఒళ్ళంతా బొగ్గు మసి. ఆమెకి బట్టలు, పక్క, తిండి, తెల్లారి ఊరికి జవాబు, ఇవన్నీ ఒకరు చూడాలి. ఫర్లాంగ్ సాహసానికి ఒక్క రాత్రి చాలు. ఐలీన్‌కి పట్టే ధైర్యం ఏళ్ళ తరబడిది.

కీగన్‌కి ఇది తెలియదని నేననను. ఆఖరి నడకలో ఫర్లాంగ్ చేతిలో ఒక పెట్టె ఉంటుంది. ఐలీన్ కోసం కొన్న కొత్త బూట్లు. పక్కన నడిచే అమ్మాయి కాళ్ళకి ఏమీ లేవు. రచయిత్రి ఏ వ్యాఖ్యా చేయదు, ఆ పెట్టెని ఇంటిదాకా మోయిస్తుంది, అంతే. భార్యకి ఇవ్వాల్సింది ఒకటి, ఆమె నుంచి అడగబోయేది ఇంకొకటి, రెండూ ఒకేసారి ఇంటికొస్తున్నాయి. అతనిలో సంతోషాన్ని మించి భయం ఉందని కూడా కీగన్ దాచదు.

అయినా ఒక ఫిర్యాదు మిగిలే ఉంది. ముగింపు అద్భుతం అని అందరూ అంటారు. ఫర్లాంగ్ కథకి అది అద్భుతమే. కానీ తలుపు తెరవకముందే నవల ఆగిపోవడం వల్ల ధైర్యం మొత్తం అతని ఖాతాలో పడింది, పిరికితనం మొత్తం ఆమె ఖాతాలో. వాళ్ళావిడ స్వార్థపరురాలని మనం అనుకోవడానికి కారణం, ఆమెకి తన వంతు రాకముందే పుస్తకం మూసేయడం. ఆ తలుపు తీశాక ఐలీన్ ఏం చేసేదో ఎవరూ రాయలేదు. కేక్ చేసిన రోజు ఆమెని చూసినదాన్ని బట్టి నా అంచనా మాత్రం ఉంది: ముందు మొగుణ్ణి నాలుగు తిట్టి, తర్వాత నీళ్ళు పొయ్యి మీద పెట్టి ఉంటుంది.