పచ్చజెండా పట్టిన చెయ్యి

డోర్నకల్ జంక్షన్‌లో ఆగని గూడ్సు వస్తున్నప్పుడు చూడండి. రైల్వే మనిషొకడు పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడతాడు. మర్యాదకు కాదు. ఇరుసు కాలిన వాసన వస్తోందా, కిందేమైనా వేలాడుతోందా, చక్రం కీచుమంటోందా అని పెట్టెపెట్టెకీ కన్నూ ముక్కూ చెవీ అప్పగిస్తాడు. అనుమానమొస్తే ఎర్రజెండానే. చివరి పెట్టె వెనక ఇదే ఆఖరిదని చెప్పే గుర్తు కనబడితేనే బండి మొత్తం వచ్చినట్టు. ఎండైనా వానైనా అంతే. నాకైతే ఇంజను కన్నా ఈ మనిషే ముచ్చట.

డోర్నకల్ మీదుగా వెళ్లేది 1889లో బెజవాడ చేరిన నిజాం రైలు దారి. బొగ్గు గనుల వైపు లైను ఇక్కడే చీలుతుంది. దాని కొసన ‘భద్రాచలం రోడ్’ అని బోర్డు కనిపిస్తుంది. పేరు చూసి మోసపోకండి, అది కొత్తగూడెం! రాముడి గుడికి ఇంకా 40 కిలోమీటర్లు. దిగి బస్సెక్కండి.