డ్రిల్లు యంత్రంతో మిల్లింగు తగునా?

డ్రిల్లు యంత్రం బల్లపై అటూ ఇటూ జరిగే వైసును బిగిస్తే అదే మిల్లింగు యంత్రమవుతుందని ఇంటి పనిశాలలవారిలో ఒక అభిప్రాయమున్నది. రెండింటిలోను కదురు నిలువుగా తిరుగుటే దీనికి ఆధారం. కాని ఈ పోలిక పైపైదే.

బెజ్జం వేసేటప్పుడు ఒత్తిడి ముఖ్యంగా కదురు పొడవునా పడుతుంది. యంత్రం ఆ ఒత్తిడికే నిర్మితమైనది. మిల్లింగులో కట్టరు అంచుతో కోస్తుంది. కనుక బలం ప్రక్కనుండి తగులుతుంది. చాలా డ్రిల్లు యంత్రాలలో చక్కును నిలిపేది శంకువు ఆకారపు కాడ. దాని పట్టు కేవలం ఘర్షణ. మోర్స్ శంకువు మొత్తం కోణం సుమారు 3 డిగ్రీలే. క్రిందినుండి వచ్చే ఒత్తిడి దానిని మరింత బిగిస్తుంది. ప్రక్కబలం, కంపనం వదులు చేస్తాయి. తిరుగుతూ చక్కు ఊడిపడితే కంటికీ చేతికీ ప్రమాదం. మిల్లింగు యంత్రంలో కట్టరు పట్టును పొడవాటి మరకడ్డీతో పైకి లాగి బిగించుట ఇందుకే.

కర్రలో పలుచగా కోసినప్పుడు పని సాగినట్లే కనిపించవచ్చు. ప్రమాదం మాత్రం తొలగదు. ఉక్కులో కోత గరుకై, కొలత తప్పుతుంది. చిన్న పనికి ఆకురాయి, ఓపిక మేలు. యంత్రాలను పోల్చేముందు బలం ఏ దిక్కునుండి వస్తున్నదో చూచుట విద్యార్థులకు అలవాటు కావాలి.