అనూరుని తల్లి

శ్రీకాకుళమునకుఁ జేరువనున్న యరసవల్లి సూర్యాలయమున స్వామి పాదములకడ సప్తాశ్వముల పగ్గములు పట్టియున్నవాఁడు సారథి యగు ననూరుఁడు. ఈ గుడిని గళింగరాజగు దేవేంద్రవర్మ ప్రతిష్ఠించెనని ప్రసిద్ధి. కంటిజబ్బులకును జర్మవ్యాధులకును మ్రొక్కుకొన్న తల్లులు రథసప్తమినాఁడును, ఆదివారములందును, బిడ్డల నెత్తుకొని వచ్చి, యింద్రపుష్కరిణిలో స్నానము చేయించి స్వామి దర్శనము చేయింతురు. వారి చూపు సారథిమీఁద నిలుచుట యరుదు. తొడలు లేని యా సారథికిని నొక తల్లి గలదు. ఆమె కథ నెఱిఁగినవారికి సయితము ‘తొందరపడి వినత చెడెను’ అను నీతి యొక్కటియే జ్ఞాపకమున్నది. ఆదిపర్వమున నన్నయభట్టు తెనిఁగించిన గరుడోపాఖ్యానమును బోధించు పండితులును సామాన్యముగా నీమాట చెప్పియే యీఘట్టమును దాఁటుదురు. కథ చెప్పునది యంతమాత్రమే కాదు.

కశ్యపునివలనఁ గద్రువ వేయిమంది కొడుకులను, వినత వారికంటె బలవంతు లగు నిద్దఱను గోరిరి. గ్రుడ్లను నేతికుండలలో నుంచి కాపాడిరి. ఐదువందల యేండ్లకుఁ గద్రువ గ్రుడ్లు పగిలి శేషాదులు పుట్టిరి. వినతవి రెండును గదలలేదు. సవతి యింట వేయిబిడ్డల సందడి. తన యింట నుసురులేని రెండుకుండలు. ఓర్వలేక యామె యొకదానిని జిదిపెను. పైమేను మాత్రమే యేర్పడిన కొడుకు వెలువడి, సవతికి ఐదువందల యేండ్లు దాసివి కమ్మని తల్లిని శపించి, రెండవ యండమునైనఁ గాలము నిండువఱకుఁ గాపాడుమని చెప్పి, సూర్యునికి సారథియై పోయెను.

బిడ్డ తల్లితో నాడిన మొదటిమాట శాపము. దానికిఁ దల్లి బదులాడదు, వగవదు, తన తప్పునకు సమాధానము చెప్పుకొనదు. ఇది నన్నయకు శక్తి చాలక జరిగినది కాదు. ఈయాదిపర్వముననే శకుంతల దుష్యంతుని సభలోఁ గొడుకు పక్షమున నెంత దీర్ఘముగా, నెంత ధైర్యముగా వాదించినదో లోక మెఱుఁగును. కథ గరుడునివైపు త్వరపడుచున్నది గావున నిచట వినతకు మాట దక్కలేదు. కథాగమనమునకు నీత్వర యొప్పును. పాత్రకు మాత్రము నష్టమే జరిగినది.

అయిన నామె శీలము రెండవ యండమునఁ గానవచ్చును. ఉచ్చైశ్శ్రవము తోఁక నలుపని కద్రువ పందెము వేసి, పాముల నాతోఁకకుఁ జుట్టించి గెలిచిన పిమ్మట వినత దాసి యయ్యెను. ఊడిగము చేయుచు, సవతి మాటలు పడుచు, ఆమె మఱియొక ఐదువందల యేండ్లు వేచియున్నది, గ్రుడ్డును ముట్టలేదు. గరుడుఁడు కాలము నిండినపుడు తల్లి ప్రమేయము లేకుండనే యండమును భేదించుకొని వెలువడెనని సంస్కృతమూలము ప్రత్యేకించి చెప్పుచున్నది. మహిమాన్వితుఁడు తనంతఁ దాను బుట్టెనని చెప్పుటకే యామాట వాడఁబడినదని తోఁచును. కాని మొదటి గ్రుడ్డును జిదిపిన చేయి రెండవదానికడ నడఁగియుండెనను నర్థమును నందిమిడియున్నది. తొందరకు దృష్టాంతముగాఁ జూపఁబడు వినతయే భారతమున నోర్పునకును దృష్టాంతము. మొదటి సగమును మాత్రమే పాఠముగాఁ జెప్పుట న్యాయము కాదు.

బిడ్డ యంగలోపమునకుఁ దల్లినే కారణముగాఁ జూపుట భారతమున నిచటితో నాఁగదు. వ్యాసుని జూచి యంబిక కనులు మూసికొనుటచే ధృతరాష్ట్రుఁ డంధుఁ డయ్యెను. అంబాలిక వెలవెలఁబోవుటచేఁ బాండురాజు పాండువర్ణుఁ డయ్యెను. భయపడుటయే వారి నేరము. అష్టావక్రుని కథ వేఱు. అరణ్యపర్వమున నన్నయ రచించిన భాగములోనిదే యిదియు. అందు శపించినవాఁడు తండ్రి. ఆ తండ్రి జనకుని సభలో వాదమున నోడి నీటఁ ద్రోయఁబడఁగా, సుజాత పుట్టినింట నుండి, యెనిమిదివంకరల కొడుకును బెంచినది. తండ్రి యేమయ్యెనో పండ్రెండవయేటి వఱకు వానికిఁ దెలియనీయలేదు. తాతయొడి నీ తండ్రియొడి కాదని శ్వేతకేతువు వాని నీడ్చివేసిన దినమున, దాఁచుటకు వీలులేక సర్వమును జెప్పినది. ఆమె పెంపకమును గవి వర్ణింపలేదు. కాని పండ్రెండేండ్ల బాలుఁడు రాజసభ కేఁగి, వాదమున గెలిచి, తండ్రిని మరలఁ దెచ్చుటలో నాపెంపక మెట్టిదో తెలియును.

కళింగసీమలో నీవిచారమునకుఁ బ్రత్యేకసంగతి యొకటి గలదు. ఈ దేశమునకుఁ బేరిచ్చిన కళింగుఁడు, బలి భార్యయందు దీర్ఘతముఁ డను నంధఋషికిఁ బుట్టినవాఁడని విష్ణుపురాణ భాగవతములు చెప్పుచున్నవి. దీర్ఘతముని తల్లి మమత. పుట్టినపిమ్మట వాని నామె యెట్లు పెంచెనో పురాణములకుఁ బట్టలేదు.

పురాణములే కాదు, నిన్నమొన్నటి చరిత్రయు నట్లే యున్నది. 1919లో విజయనగరమున విజయరామ గజపతి సంగీతకళాశాలను స్థాపించుటకుఁ దన కొలువులోని యుద్యోగి యొకని యంధకుమారునకు సంగీతము నేర్పింపవలెనను తలంపే కారణమని చెప్పుదురు. తొలి యధ్యక్షుఁడు ఆదిభట్ల నారాయణదాసు. చూపు మందమైనను వాయులీనమున నద్వితీయుఁడగు ద్వారము వెంకటస్వామినాయుఁ డచట నాచార్యుఁడై, 1936లో నధ్యక్షుఁ డయ్యెను. ఈ వృత్తాంతమున రాజు కలఁడు, తండ్రి కలఁడు, గురువులు కలరు. ఆ బాలుని గానకళకు దగినవాఁడు చేసి, చేయి పట్టుకొని నడిపించిన తల్లి ప్రసక్తి మాత్రము లేదు.

వినతకు మాటాడు నవకాశము కథలోఁ దరువాత నొకమా ఱబ్బినది. పాములను మోయ నేల యని గరుఁడు డడిగినపుడు తన దాస్యమునకుఁ గారణ మామె చెప్పవలసి వచ్చెను. సంస్కృతమూలమున నామె పందెమును జెప్పినది, పాముల మోసమును జెప్పినది. పెద్దకొడు కిచ్చిన శాపము నెత్తలేదు.