యాదృచ్ఛికం వేరు, అహేతుకం వేరు

దలైలామా రచించగా 2005లో వెలువడిన 'ద యూనివర్స్ ఇన్ ఎ సింగిల్ ఆటమ్' మతానికీ విజ్ఞానశాస్త్రానికీ గల సంబంధాన్ని నిజాయితీగా పరిశీలించిన గ్రంథం. బౌద్ధంలోని ఏ విషయమైనా తప్పని విజ్ఞానశాస్త్రం నిస్సందేహంగా నిరూపిస్తే దాన్ని వదులుకోవాలని గ్రంథకర్త అంటారు. మేరు పర్వతం చుట్టూ అల్లిన ప్రాచీన విశ్వవర్ణనను ఆయన అలాగే వదులుకున్నారు కూడా.

కాని డార్విన్ దగ్గరకు వచ్చేసరికి ఆ నిబ్బరం సడలింది. జీవపరిణామాన్ని చాలావరకు అంగీకరిస్తూనే, ఉత్పరివర్తనాలు కేవలం యాదృచ్ఛికమన్న మాట బౌద్ధదృష్టికి తృప్తినివ్వదంటారు. చైతన్యం ఎలా పుట్టిందో చెప్పడానికి కర్మకు చోటుండాలంటారు.

ఈ అసంతృప్తికి మూలం ఒక మాటలో ఉంది. మక్ఖలి గోసాలుని అహేతువాదాన్ని బుద్ధుడు తీవ్రంగా ఖండించాడు. కారణం లేనిదే ఏదీ పుట్టదన్నది బౌద్ధానికి పునాది. కనుక 'యాదృచ్ఛికం' అన్న మాట బౌద్ధుని చెవికి 'అహేతుకం'గా వినిపించడం సహజమే. అయితే జీవశాస్త్రజ్ఞులు చెప్పేది అది కాదు. ఉత్పరివర్తనాలకు కారణాలున్నాయి: జన్యుపదార్థం నకలు తయారయ్యేటప్పుడు దొర్లే పొరపాట్లు, రేడియేషన్, కొన్ని రసాయనాలు. ఆ మార్పు జీవి అవసరాన్ని చూసి రాదన్నంతవరకే ఆ మాటకు అర్థం.

అంటే కార్యకారణ నియమం దగ్గర తగవు లేదు. అసలు తగవు వేరొకచోట ఉంది. పాలీ గ్రంథాలలో కర్మ అంటే 'చేతన', అనగా సంకల్పం. దానికి మంచిచెడ్డలున్నాయి. ప్రకృతి వరణానికి అవి లేవు. మందును తట్టుకోగలిగితే రోగిని చంపే క్రిమి కూడా వర్ధిల్లుతుంది. ఈ భేదాన్ని సూటిగా ఎదుర్కొని ఉంటే గ్రంథం మరింత బలపడేది. విజ్ఞానశాస్త్రం ఇంకా వివరించలేని చోట కర్మను నిలబెడితే, రేపు ఆ వివరణ దొరికినప్పుడు కర్మ ఎక్కడ నిలుస్తుంది?