తొక్కు... పట్టుకో... వదులు!

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాది. మూడు వైపులా ఆంధ్ర, ఊళ్లలో మాట తెలుగు. జిల్లా కేంద్రానికి దాదాపు వంద కిలోమీటర్ల దారి. తిరుమణి చుట్టూ 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసినా, పల్లెల్లో శెనక్కాయ మూటలు మోయడానికి ఇప్పటికీ టీవీఎస్ ఎక్సెల్, ట్రాక్టరే దిక్కు. బ్రేకు తగ్గిన ప్రతిసారీ షోరూముకు పరిగెత్తడం కుదరదు కాబట్టి, ఇంటి ముందు చెట్టు నీడనే బండి విప్పడం ఇలాంటి ఊళ్లలో అలవాటు. ఈ పనిలో సగం విద్య విప్పకముందే జబ్బు కనిపెట్టడంలో ఉంది.

ఎక్సెల్ లాంటి డ్రమ్ము బ్రేకు బండిని స్టాండు వేసి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. పట్టుకుని ఆగుతుంటే బ్రేకు సర్దే నట్టు మరీ బిగిసినట్టు. అలాగే నడిపితే డ్రమ్ము కాలుతుంది. బిగించేకొద్దీ నట్టు మర చివరికి వచ్చేసిందంటే లైనింగ్ అరిగిపోయింది, షూ మార్చాల్సిందే. బ్రేకు వదిలినా లివర్ వెనక్కి రాకపోతే కేబుల్ తుప్పు పట్టిందో, షూలను తోసే క్యామ్ ఎండిందో చూడాలి. కేబుల్లోకి రెండు చుక్కల ఆయిల్, క్యామ్‌కు పలుచగా గ్రీజు చాలు. ఆ గ్రీజు లైనింగ్‌కు అంటితే మాత్రం బ్రేకు పోయినట్టే. లైనింగ్ అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దాలి. నూనె పీల్చిన షూను ఎంత రుద్దినా లాభం లేదు. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవండి.

ట్రాక్టరుకు కుడి ఎడమలకు వేర్వేరు పెడళ్లు. చేలో మలుపు తిప్పేటప్పుడు ఒక్కటే తొక్కుతారు. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపే లాచ్ వేయాలి. రెండు పెడళ్ల ఆట సమానంగా లేకపోతే, ట్రాలీ నిండా లోడుతో ఒక్కసారి తొక్కినా బండి ఒక పక్కకు లాగేస్తుంది.

కారు, పికప్ బండ్లలో రోగం పెడలే చెబుతుంది. మెత్తగా కుంగి, రెండుమూడుసార్లు కొట్టాక గట్టిపడితే పైపుల్లో గాలి చేరినట్టు. తొక్కి ఉంచితే మెల్లగా కిందికి జారుతుంటే మాస్టర్ సిలిండర్ సీలు పోయిందనో, ఎక్కడో లీకు ఉందనో అనుమానించాలి. ఇంజను నడుస్తున్నా పెడల్ రాయిలా ఉంటే బూస్టర్ చూడాలి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. కొన్ని బండ్లకు వరస వేరు, మాన్యువల్ చూసుకోవాలి. చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్‌కు తొడిగిన సన్న ట్యూబు కొస బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో మునగాలి. కింద కూర్చున్నాయన “తొక్కు... అట్నే పట్టుకో” అంటాడు. నిపిల్ వదులు చేయగానే బుడగలతో ఆయిల్ వస్తుంది. నిపిల్ బిగించాకే “ఇంక వదులు” అనాలి. ముందే కాలు తీస్తే గాలి తిరిగి లోపలికి పోతుంది. బుడగలు ఆగేదాకా ఇదే వరస. పైన బ్రేక్ ఆయిల్ డబ్బా ఖాళీ కానివ్వకూడదు.

ఆ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది: డాట్ 3కి కొత్తలో కనీసం 205 డిగ్రీలుండే మరిగే స్థాయి, తేమ చేరాక 140 దాకా పడిపోవచ్చు. దిగుడులో వేడెక్కి మరిగితే ఆవిరి చేరి పెడల్ నేలకు తాకుతుంది. అందుకే మూత తీసి ఉంచిన పాత డబ్బా వాడొద్దు.

ఇలా చూసుకునే ఇంట్లో జబ్బు ముదరకముందే తెలుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. అయితే హద్దు తెలియాలి. పైపు లీకు, మాస్టర్ సిలిండర్, వెలుగుతూ ఉండే ఏబీఎస్ దీపం మెకానిక్ పనులు. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. పని అయ్యాక ఖాళీ చదునునేల మీద, నెమ్మదిగా నాలుగుసార్లు ఆపి చూడండి. ఏ కాస్త అనుమానమున్నా ఆ బండిని రోడ్డెక్కించకండి.