గెలిచిన గొంతు, రాసిన చెయ్యి

యూరోవిజన్ పాటల పోటీ గురించి ఎక్కడ వ్యాసం వచ్చినా ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది: 'గెలిచినవాళ్ళు తర్వాత ఏమయ్యారు?' జవాబు కూడా దాదాపు ఒకటే. అబ్బా బృందం, సెలీన్ డియాన్ తప్ప మిగిలినవాళ్ళు చాలామంది కనుమరుగైపోయారని. ఈ ప్రశ్నతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. కనుమరుగవడమంటే ఎవరి కంటికి? అసలు వాళ్ళు గెలుచుకున్నదేమిటి? అది వాళ్ళ చేతికి వచ్చిందా? ఇవి అడక్కుండా వాళ్ళ జీవితాలకు మార్కులు వెయ్యడమంటే మార్కెట్ కొలబద్దనే మనమూ పట్టుకోవడం.

టీవీలో పాటల పోటీ అంటే మనకు 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' గుర్తొస్తుంది. అక్కడ పాట అందరికీ తెలిసిందే, పరీక్ష గొంతుకి. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైన యూరోవిజన్ పద్ధతి వేరు. ఒక్కో దేశం ఒక కొత్త పాటను పంపుతుంది. పోటీ పాటల మధ్య. తొలి విజేత లిస్ ఆసియా మొదలుకొని గెలిచిన గాయకుల్లో స్త్రీలే ఎక్కువ. కానీ ఆ పాటల రచయితల పేర్లు చదువుకుంటూ పోతే, ముఖ్యంగా తొలి దశాబ్దాల్లో, ఎక్కువగా కనిపించేది మగవాళ్ళే. వేదిక మీద ఆమె, కాగితం మీద అతను. ఆ తర్వాతి జీవితాలను అర్థం చేసుకోవాలంటే ఇక్కణ్ణించే మొదలుపెట్టాలని నా వాదన.

ఇటలీ గాయని జిల్యోలా చిన్క్వెత్తి 1964లో పదహారేళ్ళకే గెలిచింది. నిన్ను ప్రేమించడానికి నాకింకా వయసు రాలేదని ఒక అమ్మాయి చెప్పడమే ఆ పాట సారాంశం. యూరప్ అంతా మురిసిపోయింది. పదేళ్ళ తర్వాత అదే గాయని మళ్ళీ పోటీకి వచ్చింది. ఈసారి పాట పేరు 'సి', అంటే 'అవును'. ఇటలీలో అప్పుడు విడాకుల చట్టాన్ని రద్దు చెయ్యాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ జరగబోతోంది. ఓటర్ల మీద ప్రభావం పడుతుందన్న భయంతో ప్రభుత్వ టీవీ ఆ పోటీని అప్పట్లో ప్రసారమే చెయ్యలేదు. పదహారేళ్ళ పిల్ల 'ఇంకా కాదు' అంటే ముద్దొచ్చింది, ఇరవయ్యారేళ్ళ స్త్రీ 'అవును' అంటే రాజ్యం ఉలిక్కిపడింది. విచిత్రమేమంటే ఆ రెండు మాటలూ ఆమెవి కావు. రెండు పాటలూ రాసింది మగవాళ్ళే. తర్వాత ఆమె టీవీలో పాత్రికేయురాలిగానూ పనిచేసింది. దీన్ని కనుమరుగవడం అనగలమా?

1967లో బ్రిటన్‌కు మొదటి గెలుపు తెచ్చిన శాండీ షా చెప్పులు లేకుండా వేదికెక్కింది. పాడింది మాత్రం తాడుకి కట్టిన తోలుబొమ్మలా ప్రియుడి చేతిలో ఆడే అమ్మాయి పాట. ఆ పాటంటే మొదటినుంచీ తనకు అసహ్యమేననీ, అది స్త్రీలను కించపరిచేదనీ ఆమే బాహాటంగా చెప్పింది. నచ్చని మాటల్ని నోరారా పాడి, వాటి వల్లే జీవితాంతం గుర్తుండిపోవడం ఎంత బరువో ఊహించండి. అరవయ్యేళ్ళు నిండిన 2007లో ఆమె అదే పాటను వేగం తగ్గించి, తనకు నచ్చిన తీరులో మళ్ళీ పాడింది. తర్వాత గాయకుల హక్కుల సంఘానికి అధ్యక్షురాలిగానూ పనిచేసింది.

ఈ హక్కుల సంగతి కాస్త ఆగి చూడాలి. ఒక పాటను ఎవరు మళ్ళీ పాడినా రాసినవాళ్ళకు, బాణీ కట్టినవాళ్ళకు రాయల్టీ అందుతుంది. మొదట పాడినామెకు తను పాడిన రికార్డు మీదే ఆదాయం, అదీ కంపెనీతో ఒప్పందాన్ని బట్టి. 1974లో గెలిచిన అబ్బాలో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు మగవాళ్ళు. గొంతులు ముఖ్యంగా అగ్నెతా, ఫ్రీడాలవి. పాటలు ముఖ్యంగా బ్యోర్న్, బెన్నీలవి. అగ్నెతా, బ్యోర్న్ విడిపోయాక 1980లో వచ్చిన 'ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్' వినండి. ఓడిపోయిన స్త్రీ మాటల్ని రాసింది అతను, పాడింది ఆమె. ఆ గొంతులోని జీర లేకపోతే ఆ పాట ఏమయ్యేది? అది కూడా రచనే అంటాను నేను. చట్టం మాత్రం దాన్ని రచనగా లెక్కించదు.

సెలీన్ డియాన్ 1988లో ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. ఆ పాట మాటలు రాసింది నెల్లా మార్తినెత్తి అనే స్త్రీ. అయినా ఆమెను ప్రపంచ గాయనిని చేసింది ఆ గెలుపొక్కటే కాదు. 1990లో ఇంగ్లీషు ఆల్బమ్‌తో అమెరికా మార్కెట్‌లోకి అడుగుపెట్టడం, పన్నెండేళ్ళ వయసునుంచీ ఆమె వృత్తిని నడిపిన, 1994లో భర్త అయిన మేనేజరు వేసిన లెక్కలు కూడా కారణం. ఆమె శ్రమనూ ప్రతిభనూ తక్కువ చెయ్యను. కానీ అందరూ చూపించే ఆ గొప్ప 'విజయం'లో నిర్ణయాలెవరివో అడగాలి కదా.

సొంత మాట దొరికితే చాలా? 1970 విజేత, ఐర్లండ్ గాయని డానా 1997లో దేశాధ్యక్ష పదవికి పోటీచేసి మూడోస్థానంలో నిలిచింది. 1999 నుంచి 2004 దాకా యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు. గర్భస్రావ హక్కుకు గట్టి వ్యతిరేకి. ఆ మాటలు నాకు మింగుడుపడవు. అయినా అవి ఆమె సొంత మాటలు. ఇంకోవైపు ఉక్రెయిన్ గాయని జమాలా 2016లో గెలిచిన '1944' ఉంది. స్టాలిన్ కాలంలో క్రిమియా తాతార్లను ఇళ్ళనుంచి తరిమేసిన సంవత్సరమది. ఆ దారిలో బిడ్డను పోగొట్టుకున్న ముత్తవ్వ కథను ఆమె పాట చేసింది. బాణీ ఆమెదే, మాటల్లోనూ ఆమె చెయ్యి ఉంది. 2023లో రష్యా ఆమె పేరును వాంటెడ్ జాబితాలో చేర్చింది. తోలుబొమ్మ పాటకు ఏ ప్రభుత్వమూ భయపడలేదు.

2017లో పోర్చుగల్‌కు తొలి గెలుపు తెచ్చింది సల్వదోర్ సోబ్రాల్ గొంతు. మాటలూ బాణీ మాత్రం అతని అక్క లూయిజావి. గెలిచాక ఆ పాటను మళ్ళీ పాడేటప్పుడు అతను అక్కను వేదిక మీదికి పిలిచాడు, ఇద్దరూ కలిసి పాడారు. రాసిన స్త్రీని లోకం అలా చూసింది. ఇకమీదట విజేతల జాబితా చదివేటప్పుడు ఎవరు మిగిలారు, ఎవరు పోయారు అని కాక, ఏ పాట ఎవరు రాశారు, ఎవరి పేరు మీద ఉంది అని చదువుదాం. కథకులం, కవులం, పాఠాలు చెప్పేవాళ్ళం మనకు ఆ తేడా ఎంతో వేరే చెప్పాలా?