కొత్త మేళము

మొన్నటి రోహిణీకార్తె యెండలకు మైనము మెత్తబడి, మా మిత్రుని వీణపై మెట్లు రెండు మూడు ప్రక్కకు ఒరిగినవి. నాల్గవ మెట్టుపై అంతరగాంధారము పలుకవలసినచోట పలికినదానికి శాస్త్రమునందు పేరు లేదు. ఏటేట వేసవిలో జరుగునదే గనుక, వానలు పడిన పిమ్మట చూచుకొందమనుకొంటిమి. వానలు పడునప్పటికి అతని కాలేయములో వ్రణము పెరిగినదనియు, అది శస్త్రమునకు లొంగు దశ దాటినదనియు విశాఖపట్టణమున వైద్యులు తేల్చిరి. సంక్రాంతి వరకు చెప్పగలమనియు, ఆపైన చెప్పలేమనియు వారి మాట. ఆ మాట విని విజయనగరమునకు తిరిగివచ్చిన వారము దినములలోనే అతడు చేసిన పని, మేళము కట్టువానికి కబురంపుట.

వీణను దగ్గరగా చూడనివారికి ఇచ్చట కొంత చెప్పవలెను. స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయులకు ఇరువదినాలుగు ఇత్తడి మెట్లు దండిపై నిలుచునవి మేకులతో కాదు, మైనముతో. తేనెమైనమున మసి కలిపి కరగించి, దండి పొడవునను రెండు గట్లుగా పోసి, అది పూర్తిగా చల్లారి బిగియకముందే మెట్లను ఒక్కటొక్కటిగా నిలిపి, తీగ మీటి వినుచు వెంట్రుకవాసి ఇటో అటో జరుపుచు స్వరస్థానములను తేల్చుటయే మేళము కట్టుట. కొలబద్ద కొంతవరకే ఉపకరించును, తక్కినదంతయు చెవి. కర్ర బిగిసి, తీగ మారి, ఋతువు తిరిగినప్పుడెల్లను స్వరము కొంచెము కొంచెముగా తొలగుచుండును గనుక, మరల కరగించి మరల నిలుపుటకు వీలైన పదార్థముననే దానిని నిలిపిరి. ఇంతటి ఘనవాద్యమునకు ఇంత మెత్తని పునాది యేల యని చిన్నప్పుడు నవ్వితిని గాని, ఆ మెత్తదనమే దాని ఆయుస్సని ఇప్పుడు తెలియుచున్నది.

ఆ పనివాడు వరండాలో చాప పరచుకొని రెండు దినములు కూర్చుండెను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి చేసిన ఆ వీణను అతడు ఒడిలోనికి తీసికొన్న తీరు, పురిటిబిడ్డను అందుకొన్నట్లుండెను. పాత మైనము ఊడ్చి, కొత్తది పోసి, సారణి తీగను మీటి మీటి మెట్లు నిలుపుచుండగా, నాల్గవ మెట్టుకడ వారిరువురకును తగవు వచ్చినది. “ఇంకో పిసరు కిందికి,” అని మిత్రుడు. “సరిగానే ఉంది బాబూ,” అని అతడు. అరగంట వాదులాడిరి. గోడకు చేరగిలబడి, పొట్టపై దిండు పెట్టుకొని, గొంతు పెగలకున్నను పట్టు వీడని ఆ మనిషిని చూచి, ఈ పిసరు ఇక ఎవరికొరకని నాకు తోచిన మాట నిజము. తోచినందులకు సిగ్గుపడిన మాటయు నిజము. పని ముగిసిన పిమ్మట ఆ పనివాడు, “కొత్త మైనం గదా, మొదటి ఎండకి కుంగుతుంది. ఉగాది వెళ్లాక ఓసారొచ్చి చూసి పోతాను,” అనెను. మిత్రుడు కళ్ళజోడు పెట్టుకొని పంచాంగము తెరచి, ఉగాది తరువాతి ఆదివారమును లెక్కగట్టి, “ఆ రోజు రండి,” యని చెప్పి, దారిఖర్చు ముందుగానే ఇచ్చివేసెను. అతని భార్య, మా చెల్లెమ్మ, కాఫీగ్లాసులు తీసికొని లోనికి పోయెను.

అతడు మహారాజావారి సంగీత కళాశాలలో చదివినవాడు. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా మొదలైన ఆ కళాశాల మెట్లమీదనే మా స్నేహమును మొదలైనది. అతడు లోపల నేర్చుచుండ నేను బయట వినుచుంటిని. నలుబది సంవత్సరములు నా విద్య వినుటయే. కచేరి ముగిసి అందరును చప్పట్లు కొట్టి పోయిన పిమ్మట, రిక్షాలో ఇంటికి వచ్చుచు, ఎక్కడ తాళము జారినదో, ఏ గమకము నలిగినదో అతనికి చెప్పుట నా ఉద్యోగము. అట్టి నన్ను అతడు వినాయకచవితి వెళ్ళిన మరునాడు కూర్చుండబెట్టి, “నీకు పాఠం చెబుతాను. వీణ ముందుకు లాక్కో,” అనెను. నాకు అరువదియేడేండ్లు. కాలము తక్కువ, ఒక చిన్న కీర్తన చేతికిచ్చిపోవు ఉద్దేశము కాబోలుననుకొని, “ఏదైనా తేలికైన కీర్తన నేర్పకూడదట్రా?” యంటిని. “సరళి రానివాడికి కీర్తనేమిట్రా?” యని కోపపడెను. సరళీవరుసలు మూడు కాలములలో, ఆపై జంటవరుసలు, ఆపై దాటువరుసలు, ఆపై సప్తాలంకారములు, అప్పటికి గీతము: పదేండ్ల పిల్లవానికి చెప్పునట్లే, ఆ క్రమములోనే, ఆ నెమ్మదితోనే.

పాఠము ఉదయము తొమ్మిదింటికి. ఎనిమిదింటికి నొప్పిమాత్ర వేసికొనును. ముప్పావుగంటకు అది పట్టును. అటుపిమ్మట గంటసేపు మనిషి మనిషిగా ఉండును. ఆ గంట నాది. ఇంటివారికి దక్కవలసినదానిని నేను తినుచున్నానేమోనని ఒకనాడు చెల్లెమ్మను అడిగితిని. “ఆ గంట కోసమే తెల్లారుతుందన్నయ్యా ఆయనకి,” అనెను. తీగ నొక్కి నొక్కి నా ఎడమచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు మొదట ఎఱ్ఱబడినవి, పిమ్మట చిట్లినవి, ఇప్పుడు కాయలు కాచుచున్నవి. వీణప్రక్క చిన్న ఇత్తడి బరిణెలో నూనెలో తడిపిన దూది యుండును. వ్రేళ్ళకు దానిని అద్దుకొనుమని అతడు మాటతో చెప్పడు, బరిణెను గోటితో తట్టును. తప్పు మీటినప్పుడును ఆ తట్టుడే. రెండు తట్టుళ్ళకును గల భేదము తెలియుటకు నాకు పదిహేను దినములు పట్టినది.

మన పురాణములలో ఇట్టి గడువు పడ్డవాడు పరీక్షిన్మహారాజు. ఏడు దినములలో తక్షకుడు వచ్చునని తెలిసి గంగాతీరమున కూర్చుండినవాని ధైర్యమును గూర్చి మనవారు చెప్పినంతగా, ఎదుట కూర్చుండిన శుకుని గూర్చి చెప్పలేదని నా చిన్న ఫిర్యాదు. గృహస్థుని వాకిట ఆవును పిదుకునంత సేపే గాని అధికముగా నిలువనివాడని భాగవతము ఎవనిని గూర్చి చెప్పుచున్నదో, ఆ శుకుడే ఏడు దినములు ఒక్కచోట కూర్చుండెను. కూర్చుండి, వినువానికి వ్యవధి లేదుకదా యని కథను కుదింపలేదు. సృష్టి మొదలుకొని వంశములు, మన్వంతరములు, రాజుల జాబితాలు, ఒక్కటియు విడువక చెప్పుకొనిపోయెను. ఆ జాబితాలు పరీక్షిత్తునకు ఎందులకని చిన్నతనమున విసుగుకొన్నవాడను. అతనిని బ్రతికియున్న శ్రోతగా ఎంచుటకే అని ఇప్పుడనుకొనుచున్నాను. మా విషయమున మాత్రము వరుస తలక్రిందులైనది: గడువు పడ్డవాడే కూర్చుండి చెప్పుచున్నాడు, ఆవు పిదుకునంత సేపు నిలువలేక ఊరక అటునిటు తిరిగిన నేను వినుచున్నాను.

చూడవచ్చువారు చాలామంది. బత్తాయిపండ్లు, లోగొంతుక, క్రిందికి వంచిన చూపు. వారి మంచితనమును శంకింపను గాని, వారి వ్యాకరణము నాకు సహింపదు. “ఎంత బాగా వాయించేవారండీ!” యని అతని ఎదుటనే అందురు. ఈ ‘వాయించేవారు’ అను క్రియారూపమున ఎంత చావున్నదో అనువారెరుగరు. ఒకనాడు అతడే, “వాయించేవాణ్ణేమిటండీ? పొద్దున్న కూడా వాయించాను,” అనెను. వచ్చినాయన బిత్తరపోయెను.

నేను మాత్రము వారికంటె మేలా? కొత్త మేళము కుదిరిన మరునాడు అతడు, చాలదినముల తరువాత, కళ్యాణి పట్టుకొని పావుగంట వాయించెను. కుడిచేతి చిటికెనవ్రేలు తాళపుతీగలపై అక్కడక్కడ ఆలస్యముగా పడినది, ఆవృత్తము చెదరినది, నేను వింటిని. విని, “అద్భుతం,” అంటిని. అతడు వీణను ప్రక్కకు జరిపి నావైపు చాలసేపు చూచెను. “తాళం రెండుసార్లు తప్పింది. నువ్వు విన్నావు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా వదలనివాడివి, ఇప్పుడు వదిలేశావు. అంటే నన్ను ఇప్పుడే మోసుకెళ్లి దింపేసి వచ్చావన్నమాట.” నాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి, “మూడు చోట్ల,” అంటిని. “అనుపల్లవి ఎత్తుకున్నచోట కూడా.” అతడు నవ్వెను. నవ్వినప్పుడు ప్రక్కటెముకల క్రింద నొప్పి లేచి మొగము ముడుచుకొనెను గాని, నవ్వు మానలేదు.

ఇదంతయు చదివి అతడొక స్థితప్రజ్ఞుడని ఎవరైన అనుకొందురేమో; కాడు. కూరలో ఉప్పు తగ్గినచో కంచము నెట్టివేయును. పైడితల్లి సిరిమానోత్సవమునకు తనను తీసికొనిపోలేదని రెండు దినములు కొడుకుతో మాటలాడలేదు. ఒక రాత్రి రెండు గంటలకు నాకు ఫోను చేసి, “భయమేస్తోందిరా,” అనెను. ఏమి చెప్పవలెనో తోచలేదు. చెప్పదగినవన్నియు వెనుకటి చూపరులు బత్తాయిపండ్లతోపాటు ఇచ్చిపోయిన మాటలే. ఫోను చెవిని పెట్టుకొని మంచముపై కూర్చుంటిని. అవతల అతని ఫానుచప్పుడు, ఇవతల నా ఫానుచప్పుడు. చాలసేపటికి, “జంటలు రెండో కాలంలో సాధన చేశావా?” అనెను. చేయలేదంటిని. తిట్టి పెట్టివేసెను.

ఈ వారము పత్రికకు ఈ వ్యాసము ఒకదినము ఆలస్యముగా అందినది. సంపాదకులు మన్నింతురు గాక. జంటవరుసలు రెండవకాలము గడచినవి గాని మూడవకాలమున కుడిచేయి ఎడమచేతిని అందుకొనుట లేదు. రేపు తొమ్మిదింటికి పాఠము.